అందరికీ ఒకే పళ్ళెము

మన పల్లెలలో పండ్లు కొనేది ఎప్పుడు? ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు. డజను అరటిపండ్లు, నాలుగు బత్తాయిలు సంచిలో వేసుకొని వెళ్ళి, మంచము ప్రక్కన పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి వస్తాము. ఇంట్లో శుభకార్యమైతే మాత్రము మిఠాయి ఉండవలసిందే. లడ్డు లేని పెండ్లి, జిలేబీ లేని గృహప్రవేశము, కేకు లేని పుట్టినరోజు మనకు ఊహకే అందవు. పండు రోగికి, మిఠాయి పండుగకు అని ఈ పంపకము ఎవరు చేశారో గాని, మన ఇండ్లలో అది బాగా వేరూనుకొన్నది.

నిజానికి పండ్ల విషయములో మనము బీదవారము కాము. నూజివీడు మామిడి, కోనసీమ అరటి, అనంతపురము, నల్గొండ బత్తాయి, పాలమూరు సీతాఫలము, ఇవన్నీ మన నేలలోనివే. మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చినది. పెరటిలో జామచెట్టు, బొప్పాయిచెట్టు లేని ఇల్లు పల్లెలో అరుదు. కోత పండుగనాడు ఆలయములో అరటిగెలలు, గుమ్మడికాయలు, చెరకు గడలు, జామపండ్లు ఎంత అందముగా పేర్చుతామో అందరికీ తెలిసినదే. ఆ చేతులే మన ఇంటి కూడికలో పండ్లను ఎందుకు పేర్చకూడదు? ఈ ఆలోచన మాకు ఎలా వచ్చినదో, ఏమి చేశామో సోదరీమణులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేము ముగ్గురు తోడికోడళ్ళము. పెద్దామె ఊరిలోనే ఉండి వ్యవసాయము చూసుకొంటున్నది. మిగిలిన ఇద్దరము భర్తల ఉద్యోగములను బట్టి వేర్వేరు పట్టణములలో ఉన్నాము. మా అత్తగారికి డెబ్బది రెండేండ్లు. ఆమెకు చక్కెర వ్యాధి వచ్చి పదునాలుగేండ్లు దాటినది. 2023లో వరికోతల సమయమున ఆమె కుడి పాదములో ముల్లు గ్రుచ్చుకొన్నది. ఈ వ్యాధి ముదిరిన కొందరికి పాదములలో స్పర్శ తగ్గిపోతుంది. అందువలన ఆ ముల్లు సంగతి ఆమెకే తెలియలేదు. తెలిసేసరికి పుండు పడి, వాచి, నలుపెక్కినది. చివరకు ఒక వ్రేలు తీసివేయవలసి వచ్చినది. పాదము నిలుస్తుందో లేదో అని ఇంటిల్లిపాది ఎన్ని రాత్రులు మేలుకొని ప్రార్థించామో! దేవుని కృపను బట్టి, వైద్యుల శ్రద్ధను బట్టి మరుసటి ఏడాది వేసవి నాటికి పుండు పూర్తిగా మానినది. ఆమె మరల తన కాళ్ళమీద ఆలయమునకు నడిచి వెళ్ళినది.

ఆ మేలు జ్ఞాపకము చేసికొని, 2024 మే నెలలో పిల్లల సెలవులలో ఇంటి దగ్గర కృతజ్ఞతా కూడిక పెట్టుకొనాలని నిశ్చయించాము. అన్నదమ్ములు, ఆడపడుచులు, వారి పిల్లలు, ఇరుగుపొరుగు కలిసి నలుబదిమంది లెక్క తేలారు. ఇక విందు మాట వచ్చినది. సాయంకాలపు కూడిక గనుక మిఠాయి, కారము, టీ ఉంటే చాలునని అందరూ అన్నారు. ఇంటి పెద్ద కుమారుడు పట్టణములో అయిదు కిలోల మిఠాయికి చెప్పి వచ్చారు కూడ.

మా ముగ్గురికీ మనస్సులో ఒకటే బాధ. చక్కెర వ్యాధి వలన పాదము పోవలసినంత పని జరిగి, అది దక్కినందుకు కూడిక పెట్టి, ఆ కూడికలో అయిదు కిలోల చక్కెర పంచుటా? అత్తగారిని అడిగితే ఆమె మాట ఎప్పటిదే. “అమ్మాయిలూ, నాకోసము మీ నోళ్ళు కట్టుకోవద్దు. మీరు తినండి, నేను చూసి సంతోషిస్తాను.”

ఆమె చూసి సంతోషించుట ఎట్టిదో మాకు తెలియును. అంతకు ముందు క్రిస్మసునాడు అయిదేండ్ల మనుమడు కేకు ముక్క పట్టుకొని, “నాన్నమ్మా, నీకు” అంటూ ఆమె నోటి దగ్గరకు తీసుకొని వెళ్ళాడు. గదిలోని పెద్దలందరూ ఒక్కసారిగా “వద్దు, వద్దు” అని కేక వేశారు. పసివాడు బెదిరి ఏడ్చాడు. ఆమె గోడవైపు తిరిగి కొంగుతో ముఖము తుడుచుకొన్నది. ఆ తరువాత ఆమెకు వేరే గిన్నెలో రెండు మేరీ బిస్కెట్లు తెచ్చి ఇచ్చారు. పండుగనాడు ఇంటి పెద్దకు వేరే గిన్నె! ఆకలి తీర్చలేదని కాదు ఆమె దుఃఖము, పంక్తిలో నుండి తీసివేశారని.

మాలో చిన్నామె ఒక ఉపాయము చెప్పినది. “అత్తయ్య తినదగినదే అందరమూ తిందాము. వేరే గిన్నె లేకుండా, అందరికీ ఒకే పళ్ళెము.” పండ్ల పళ్ళెము అనే మాట అట్లు వచ్చినది. పెద్ద కుమారుడు ఒప్పుకొనలేదు. “నలుగురిని పిలిచి నోరు తీపి చేయకుండా పంపితే ఊరిలో తలెత్తుకోగలమా? పైగా చక్కెర ఉన్నవారికి పండ్లు మాత్రము పనికివస్తాయా?” అన్నారు. రెండవ ప్రశ్న న్యాయమైనదే. కనుక ఊహించుకొనుట మాని, ఆమెకు వైద్యము చేస్తున్న డాక్టరుగారినే అడుగుదామని ఆ వారము పరీక్షకు వెళ్ళినప్పుడు అందరమూ కలిసి వెళ్ళాము.

డాక్టరుగారు ఓపికగా చెప్పారు. చక్కెర వ్యాధి ఉన్నవారు పండ్లు బొత్తిగా మానవలసిన పనిలేదు, కొలత తప్పకూడదు. ఒక పూటకు చిన్న గిన్నెడు, అనగా సుమారు నూరు గ్రాములు చాలును. జామపండు తొక్కతో తింటే పీచు ఉండును గనుక చక్కెర రక్తములోనికి మెల్లగా చేరుతుంది. బొప్పాయి కొద్దిగా పరవాలేదు. మామిడి, అరటి, సపోటా, ద్రాక్షలలో చక్కెర ఎక్కువ గనుక రుచికి ఒకటి రెండు ముక్కలు. రసము తీసి త్రాగవద్దు. పీచు పోయి చక్కెర మాత్రమే మిగులును, పైగా ఒక గ్లాసుకు రెండు మూడు పండ్లు పడతాయి. కడుపునిండా అన్నము తిని దానిపైన పండు తినవద్దు. మాత్రలు, ఇన్సులిను వేళకు తప్పకూడదు. చివరగా ఆయన నవ్వి, “అమ్మగారూ, మామిడి ముక్క మీకు శత్రువు కాదు. మామిడి బుట్ట శత్రువు” అన్నారు.

ఇది మా అత్తగారికి చెప్పిన సలహా. ప్రతివారి శరీరము ఒక్కటి కాదు. మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి కొన్ని పండ్లు కూడనే కూడవు. కనుక చదువరులు తమ వైద్యుని అడిగి చేయవలెను.

ఆ మాటలు వింటూ కూర్చున్న పెద్ద కుమారుడు తిరుగు బస్సులో ఏమియు మాట్లాడలేదు. ఇంటికి వచ్చి, మిఠాయి దుకాణమునకు ఫోను చేసి వద్దని చెప్పి, కండువా భుజాన వేసుకొని మామిడితోట వైపు నడిచారు.

ఇక పని మొదలుపెట్టాము. తలకు రెండు వందల గ్రాముల చొప్పున నలుబదిమందికి ఎనిమిది కిలోల ముక్కలు కావాలి. తొక్కలు, టెంకలు, గింజలు పోవును గనుక పన్నెండు కిలోల పండ్లు సమకూర్చుకొన్నాము. అయిదు కిలోల పుచ్చకాయ ఒకటి, బంగినపల్లి మామిడి మూడు కిలోలు, పెరటి బొప్పాయి ఒకటి, జామ ఒక కిలో, దానిమ్మ ఒక కిలో, ద్రాక్ష అరకిలో. ఇవి గాక మా గట్టుమీది తాటిచెట్ల ముంజలు మూడు డజనులు. ముంజలకు చెట్టెక్కినవాని కూలి తప్ప ఖర్చు లేదు. అన్నిటికీ కలిపి ఏడు వందల రూపాయలు దాటలేదు. అయిదు కిలోల మిఠాయికి రెండువేలు అగునని దుకాణదారు చెప్పి ఉండెను.

మామిడిని గూర్చి ఒక మాట. రసాలు నోటితో జుర్రుకొనుటకే గాని కోయుటకు పనికిరావు. ముక్క నిలువవలెనంటే పీచులేని బంగినపల్లి మేలు. కాయలను తోటలో కోయించి, ఎండుగడ్డిలో మాగవేశాము. అయిదు రోజులలో పండినవి. బజారులో కొందరు కార్బైడు పొట్లములు పెట్టి మగ్గబెడతారు. ఆ పొడిలో ఆర్సెనిక్ వంటి విషపదార్థముల ఛాయలు ఉండును. కార్బైడు వాయువుతో పండ్లు మగ్గబెట్టుటను 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించినవి. పైన పసుపుగా మెరిసి, వాసన లేక, కోస్తే లోపల పుల్లగా ఉన్న పండును అనుమానించవలసినదే. గడ్డి మనకు కొదువ లేదు, కొంచెము ఓర్పు ఉంటే చాలును.

వేసవిలో కోసిన పండు త్వరగా చెడిపోతుంది. ఎండ ముప్పది రెండు డిగ్రీలు దాటినప్పుడు కోసిన ముక్కలను గంటకు మించి బయట ఉంచరాదు. మే నెలలో మా ఊరిలో నలుబది డిగ్రీలు మామూలే. కనుక ఉదయమే కోసి పెట్టుకొందామనే మాట మానుకొన్నాము. కూడిక సాయంకాలము అయిదు గంటలకు. పండ్లను కోయకుండ ముందే కడిగి చల్లని చోట పెట్టి, నాలుగున్నరకు కోయుట మొదలుపెట్టాము. అయ్యగారికి కూడ ముందుగానే మనవి చేశాము, “అయ్యగారూ, ఈ రోజు వాక్యము కొంచెము క్లుప్తముగా” అని. ఆయన నవ్వి, చెప్పిన మాట నిలుపుకొన్నారు.

కడుగుట ముఖ్యము. పుచ్చకాయను, బొప్పాయిని పై తొక్క తినము గదా అని కొందరు కడుగరు. కత్తి తొక్కమీది మట్టిని లోపలికి తీసుకొనిపోవును. కనుక అన్ని పండ్లనూ మంచినీటి ధారక్రింద చేతితో రుద్ది కడిగాము. సబ్బు వాడరాదు. మన ఇండ్లలో చేపకు, మాంసమునకు, ఉల్లిపాయకు అన్నిటికీ ఒకటే కత్తిపీట. పండ్లకు వేరే చాకు పెట్టుకొనుట మేలు. లేకపోతే కత్తిపీటను సబ్బుతో తోమి, మరిగిన నీరు పోసి, ఆరబెట్టి వాడవలెను.

మా పెండ్లిళ్ళనాటి ఇత్తడి తాంబాళము ఒకటి అటకమీద ఉన్నది. చింతపండుతో తోమితే బంగారమువలె మెరిసినది. కాని కళాయి లేని ఇత్తడికి పులుపు తగులరాదు. అందుచేత రెండు లేత అరటి ఆకులు కడిగి, తుడిచి, తాంబాళము నిండా పరచాము. ఆ పచ్చదనము మీద ఏ రంగు పెట్టినా కన్నులకు ఇంపుగా కనబడినది.

నడుమ పుచ్చకాయ బుట్ట. కాయను అడ్డముగా, అంచు రంపపు పళ్ళవలె వచ్చునట్లు చాకు మొనతో గుచ్చుతూ కోశాము. గుజ్జును గుండ్రని చెంచాతో తోడితే గోళీలవలె వచ్చినది. ఆ గోళీలను మరల బుట్టలోనే పోశాము. మిగిలిన సగమును పలుచని బిళ్ళలుగా కోసి, చిన్న స్టీలు గిన్నె అంచుతో నొక్కితే చంద్రబింబములవలె వచ్చినవి. ఈ పని పిల్లలది. కత్తి అవసరము లేదు గనుక పోటీపడి చేశారు.

మామిడి బుగ్గలను తొక్కతోనే కోసి, గుజ్జుమీద నిలువు అడ్డము గాట్లు పెట్టి, తొక్కను వెనుకనుండి నొక్కితే ముక్కలు పైకి లేచి తాబేటి వీపువలె అయినది. పిల్లలు దానికి తాబేలు అనే పేరు పెట్టారు. బొప్పాయిని పొడవుగా పడవలవలె, జామను గింజ తీయకుండ చక్రములుగా కోశాము. ముంజలను పై పొర తీసి అట్లే ఉంచాము. ద్రాక్షపండ్లను నిలువుగా రెండు ముక్కలు చేశాము. అయిదేండ్లలోపు పిల్లలకు గుండ్రని ద్రాక్ష గొంతుకు అడ్డుపడే ప్రమాదమున్నది, తల్లులు ఈ సంగతి మరువరాదు. పుల్లలు గుచ్చి పేర్చుట చూడ ముచ్చటగా ఉండును గాని, చిన్నపిల్లలు ఉన్నచోట వద్దని మానివేశాము.

పేర్చుటలో పెద్ద విద్య ఏమియు లేదు. రెండు సంగతులు గుర్తుంచుకొంటే చాలును. పెద్దవి నడుమను, చిన్నవి అంచునను ఉండవలెను. ఒకే రంగు ప్రక్కప్రక్కన పడరాదు. ఎఱ్ఱని పుచ్చకాయ ప్రక్కన తెల్లని ముంజలు, వాటి ప్రక్కన నారింజ రంగు బొప్పాయి, ఆ తరువాత ఆకుపచ్చ అంచుగల జామ, ఆపైన పసుపు మామిడి. ఖాళీలలో దానిమ్మ గింజలు కెంపులవలె చల్లాము. ఆపిలు, సపోటా, అరటి కోస్తే గాలి తగిలి నల్లబడును గనుక వాటిని పళ్ళెములో పెట్టలేదు. తప్పదనుకొంటే ముక్కలమీద నిమ్మరసము కొద్దిగా చల్లితే నలుపు ఆగును. పంచదార, ఉప్పు ముందుగా చల్లితే పండ్లు నీరు విడిచి వాడిపోవును. అవి లేకుండానే పండుకు దేవుడిచ్చిన రుచి చాలును.

తాంబాళము క్రింద వెడల్పాటి బేసినులో మంచుగడ్డలు వేసి, పైన శుభ్రమైన తడిబట్ట కప్పి లోపలి గదిలో ఉంచాము. వరండాలో వాక్యము ముగిసి, ప్రార్థన అయిన తరువాత ముగ్గురము కలిసి ఎత్తుకొని వచ్చి అత్తగారి ముందు పీటమీద దించాము. బట్ట తీయగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దలు లేచి నిలువబడి చూశారు. వరుసకు మేనత్త అయిన ఒక పెద్దావిడ మాత్రము, “ఇదేమి, రోగిని చూడవచ్చినట్లు పండ్లు పెట్టారు?” అని పైకే అన్నది. ఎవరము బదులు చెప్పలేదు. అత్తగారు చిన్న గిన్నెలో పండ్లు వడ్డించి మొదట ఆమె చేతికే ఇచ్చినది. “తిను వదినా, మా గట్టుమీది ముంజలు” అన్నది. ఆ పెద్దావిడ రెండవసారి కూడ గిన్నె చాచినది.

ఆ రోజు వడ్డన అంతా అత్తగారిదే. ఎవరికి ఏది ఇష్టమో ఆమెకు తెలియును. కొడుకుకు మామిడి, అల్లునికి జామ, పిల్లలకు పుచ్చకాయ గోళీలు. చివరకు తన గిన్నెలో నాలుగు జామ చక్రములు, రెండు బొప్పాయి ముక్కలు, ఒక ముంజ, రెండు మామిడి ముక్కలు వేసుకొన్నది. ఆ గిన్నె మిగిలినవారి గిన్నెలవంటిదే. అంతలో ఆ మనుమడే తన మామిడి ముక్క ఒకటి పట్టుకొని వచ్చి అనుమానముగా చుట్టూ చూశాడు. ఎవరూ కేక వేయలేదు. ఆమె తన గిన్నెలోని ముక్క ఒకటి తీసి వాని చేతిలో పెట్టి, వాడు తెచ్చినది తాను నోట వేసుకొన్నది. కొలత కొలతే, మనుమని ముచ్చట ముచ్చటే. మరునాడు ఉదయము రక్తపరీక్ష చేసి చూస్తే లెక్క ఎప్పటివలెనే ఉన్నది.

అప్పటినుండి మా ఇంట ఏ కూడికకైనను ఒక పళ్ళెము పండ్లు తప్పనిసరి అయినది. కాలమును బట్టి పండ్లు మారును. శ్రావణ భాద్రపదములు దాటగానే సీతాఫలములు, క్రిస్మసు, సంక్రాంతులకు జామ, రేగు, కమలా, మాఘము నుండి ద్రాక్ష. కొనలేనివారు చింతపడవలసిన పనిలేదు. పెరటి జామ, బొప్పాయి రెండే ఉన్నా ఆకుమీద అందముగా అమర్చితే అది పళ్ళెమే. జామలో విటమిన్ సి నూరు గ్రాములకు రెండు వందల మిల్లీగ్రాములకు పైగా ఉన్నది, అది కమలాపండులో ఉన్నదానికి ఎన్నో రెట్లు. దొడ్డిలో రాలిపోతున్నదానిని విలువలేనిదని తలంచవద్దు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో రోజుకు నూరు గ్రాముల పండ్లు తినమని చెప్పినది. మన పిల్లలలో ఎందరికి అది అందుచున్నది?

ప్రియ సోదరీ, నీ ఇంట కూడిక జరిగినప్పుడు ఒకసారి వరండా అంతా కలయజూడుము. చక్కెర ఉన్న తాతగారో, పళ్ళు లేని అమ్మమ్మో, ఏదో ఒక పత్యమున్న బిడ్డో ఒక మూల కూర్చుండి, ఇతరులు తినుచుండగా చూచుచున్నారేమో గమనించుము. పళ్ళు లేనివారికి బొప్పాయి, ముంజలు మెత్తనివి ఉన్నవి. పత్యమున్నవారికి తగినది ఏదో వైద్యుని అడిగితే తెలియును. వారికొరకు వేరే గిన్నె వెదకుటకు ముందు, వారు తినగలిగినదే అందరికీ వడ్డించవచ్చునేమో ఆలోచించుము. ఒక పూట తీపి తగ్గినందున ఎవరికినీ నష్టము రాదు. పంక్తి నుండి తొలగిపోయిన ఒకరు మరల పంక్తిలో కూర్చుండుట ఆ ఇంటికి ఎంత మేలో అనుభవించినవారికే తెలియును.